పలకలన్న, బోనీ ఎం, బంగారు గుండె

2024 జనవరి 23న ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మను సంగీత నిర్మాత తన ఎనభై రెండవ ఏట కన్నుమూశాడు. ఆ పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు గాని, ఆయన తీర్చిదిద్దిన 'బోనీ ఎం' బృందం పేరు క్యాసెట్ల కాలంలో పెరిగినవారు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ వార్త చదవగానే నాకు మార్కాపురంలో ఒక ఇంటి అరుగు గుర్తుకు వచ్చింది. పాశ్చాత్య సంగీతంలో నేను ఓనమాలు దిద్దుకొన్నది ఆ అరుగుమీదనే. దిద్దించిన మనిషినే, నాలుగు ముక్కలు నేర్చిన పొగరుతో, 1990లో ఒక మాట అన్నాను. ఈ టపా ఆ మాట గురించి. దానికంటె ముందు కొన్ని పాటల గురించి చెప్పుకోవాలి.

మా పడమటి ప్రకాశం ఎరుగని మిత్రులకోసం నాలుగు మాటలు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలువారి దృష్టిలో మేము సీమవాళ్ళం, సీమవారి దృష్టిలో కోస్తావాళ్ళం. పడమట నల్లమల అడ్డుగోడలా నిలిచి ఉంటుంది గాని, దాని చల్లదనం మా చేలదాకా రాదు. వానలు తక్కువ, బావి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. భూమి మాకిచ్చినది పలకరాయి. తెలుగునాట బలపం పట్టి అక్షరాలు దిద్దినవారిలో ఎందరో తెలియకుండానే మా ఊరి రాతిమీద దిద్దారు. గనిలోంచి దిమ్మలుగా తీసిన రాతిని ఉలితో పొరలు పొరలుగా విడదీసి, అంచులు కత్తిరించి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించేవారు. ఎగుమతి సరుకు లారీలకెక్కి మద్రాసు రేవుకు పోయేది.

ఆ రాతిని పొరలు తీసే పనివాళ్ళలో ఒకణ్ణి మేము పలకలన్న అనేవాళ్ళం. నాకంటె ఆరేళ్ళు పెద్దవాడు. మా నాన్నగారు బడిపంతులు. పలకలన్న ఆయన దగ్గరే చదివి, ఎనిమిదో తరగతితో ఆపి, ఫ్యాక్టరీకి పోయాడు. వాళ్ళది ఊరి చివర, చర్చి అవతలి పేట. నేను అతణ్ణి 'అన్నా' అని పిలిచేవాణ్ణి. అతడు వయసులో పెద్దవాడై ఉండి కూడా నన్ను ఏనాడూ 'ఒరే' అనలేదు, 'అబ్బయ్యా' అనేవాడు. ఎందుకనలేదో అడగాలన్న ఆలోచన నాకప్పుడు రాలేదు.

అతని మేనమామ మద్రాసుకు పలకల లారీ తోలేవాడు. 1984 ప్రాంతంలో ఆయన బర్మాబజారు నుండి తెచ్చిన క్యాసెట్లలో ఒకదానిమీద పలకలన్న బాల్‌పెన్నుతో 'బోనియం' అని తెలుగులో రాసి పెట్టుకొన్నాడు. బోనియం అన్నది పాడే ఆవిడ పేరు కాబోలునని నేను చాలాకాలం అనుకొన్నాను. సాయంకాలం ఫ్యాక్టరీ విడిచాక, రాతిపొడి పట్టిన చేతులు కాళ్ళు కడుక్కొని, అరుగుమీద టేపురికార్డరు పెట్టేవాడు. రీలు చిక్కుపడితే పెన్సిలు గుచ్చి తిప్పడం నా పని.

అది 1978లో వచ్చిన 'నైట్‌ఫ్లైట్ టు వీనస్' ఆల్బమ్ అని ఎన్నో ఏళ్ళ తరువాత తెలిసింది. డిస్కో ఊపు మీదున్న రోజులవి. అందులో ఒక విచిత్రం ఉంది. 'రాస్పుటిన్' వంటి కొత్త పాటల సరసన, ఎక్కడెక్కడివో పాత పాటలు వేషం మార్చుకొని కూర్చున్నాయి. 'బ్రౌన్ గర్ల్ ఇన్ ది రింగ్' జమైకాలో పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడుకొనే పాట. 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' జమైకాకే చెందిన మెలోడియన్స్ అనే బృందం 1970లో పాడిన పాట. 'హార్ట్ ఆఫ్ గోల్డ్' కెనడా గాయకుడు నీల్ యంగ్ 1972లో విడుదల చేసిన పాట. అమెరికాలో అది అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. జానపద గీతపు సాదాతనాన్ని రాక్ వాయిద్యాలతో కలిపిన ఫోక్-రాక్ పద్ధతికి దానిని మంచి ఉదాహరణగా చెప్పవచ్చు. ఆ మూడింటినీ ఫారియన్ తన డిస్కో సంచిలో వేసుకొన్నాడు.

ఈ పని ఆయన ఒక్కడే చేయలేదు. 1970ల నడుమ డిస్కో నిర్మాతలు పాత పాటలకోసం నలుదిక్కులా గాలించారు. నాట్యశాలల కోసం పన్నెండంగుళాల రికార్డులు వచ్చాక, ఒక్కో పాటను ఏడెనిమిది నిమిషాలు సాగదీసే వీలు కలిగింది. జనానికి అప్పటికే నోటికి వచ్చిన పల్లవి ఉంటే, అడుగు కలపడం తేలిక. పైగా అమెరికా చట్టం ప్రకారం ఒకసారి రికార్డుగా వెలువడిన పాటను, నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా మళ్ళీ పాడించుకోవచ్చు. మన 1957 కాపీరైటు చట్టంలోనూ ఇటువంటి వెసులుబాటు ఉండేది; 2012 సవరణ తరువాత మొదటి రికార్డు వచ్చి అయిదేళ్ళు గడవాలన్న నియమం చేరింది.

ఇవేవీ ఎరుగని మాకు ఆ క్యాసెట్లో పాటలన్నీ బోనియంవే. పలకలన్నకు వాటిలో 'హార్ట్ ఆఫ్ గోల్డ్' అంటే ఎందుకో మక్కువ. మిగిలినవాటితో పోలిస్తే అది అంత హుషారైన పాట కాదు. ఒకరోజు, 'అబ్బయ్యా, అయ్యవారి కొడుకువు గదా, ఇదేందో చెప్పు' అన్నాడు. తొమ్మిదో తరగతి తెలుగు మాధ్యమపు ఆంగ్లంతో నేను చెవి ఆనించి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, చివరికి తేల్చినది ఇది: పాడే మనిషి బంగారం వంటి మనసుకోసం వెతుకుతున్నాడు, తనను తాను గని తవ్వేవాడితో పోల్చుకొంటున్నాడు, వెతుకుతుండగానే వయసు మళ్ళిపోతున్నదని దిగులు పడుతున్నాడు.

పలకలన్న కాసేపు మాట్లాడలేదు. తరువాత, 'గని పనోడి పాటేనా ఇది?' అన్నాడు. ఆ రోజు నుండి అది అతని పాట అయింది. ఫ్యాక్టరీలో తోటివాళ్ళకు కూడా, 'అది మన గురించే పాడినారు' అని చెప్పినట్టు విన్నాను.

రెండవ పాటకు అర్థం చెప్పే అవసరం నాకు కలగలేదు. 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' మోగుతుండగా ఒక సాయంత్రం లోపలి నుండి పలకలన్న వాళ్ళ అవ్వ బయటికి వచ్చింది. ఆమెకు చదువు రాదు, ఆంగ్లం అసలే రాదు. గుమ్మం పట్టుకొని నిలబడి, 'బాబిలోను అంటాండారు గదరా, బబులోనేనా?' అంది. మాకు తెలియదన్నాం. 'నూట ముప్పై ఏడో కీర్తన తీయి నాయనా' అని నాకు బైబిలు ఇప్పించింది. తీసి చదివితే అదే. చెరపట్టి పరదేశానికి తీసుకుపోబడిన జనం నది ఒడ్డున కూర్చొని ఏడవడం, పట్టుకుపోయినవాళ్ళు వినోదానికి పాట పాడమనడం, పరాయి నేలమీద ఎట్లా పాడగలమని వీళ్ళు కుమిలిపోవడం. అవ్వ అంతా విని, 'పాడమనేవాళ్ళు ఎవరో, పాడేవాళ్ళు ఎవరో చూసుకోవాల నాయనా' అని లోపలికి పోయింది. ఆ మాట నా తలకు ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అవ్వకు ఆ కీర్తన అంత దగ్గరిది కావడానికి కారణముంది. 1876–78 కరువు మా వైపు ఊళ్ళను తుడిచిపెట్టింది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి పని కల్పించాడు. కరువు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మా మెట్టలను దాటుకొని దిగువకు పోయే గుండ్లకమ్మే అది. తరువాతి కాలంలో కంభంలోనూ మార్కాపురంలోనూ మిషను కేంద్రాలు వెలిశాయి. అవ్వ తాత ఆ కరువులో ఊరు విడిచి నడిచిపోయినవాడట. వాళ్ళ ఇంట్లో నది అన్నా, ఏడుపు అన్నా, పరాయి నేల అన్నా పుస్తకంలో మాటలు కావు.

అవ్వకు తెలియని సంగతి ఒకటి నాకు ఆ తరువాత తెలిసింది. ఆ పాట జమైకాలో రాస్తఫారీ మతస్థుల గీతం. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి, తమ చెరను ఆ కీర్తనలో చూసుకొని కట్టినది. అందులో వారు తమ దైవాన్ని పిలుచుకొనే మాటలు ఉన్నందున జమైకా ప్రభుత్వం మొదట్లో దానిని ప్రసారం కాకుండా నిషేధించింది. ఫారియన్ చేతిలో పడేసరికి ఆ రాస్తఫారీ మాటలు పోయి, బైబిలు మాటలు మళ్ళీ వచ్చాయి. చెరలో ఉన్నవారి పాట ఇంగ్లండులో 1978లో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉండి, నాట్యశాలల్లో మోగింది. పోగొట్టుకొన్నది తక్కువేమీ కాదు. అయితే ఆ పోగొట్టుకొన్న రూపంలోనే గదా అది బర్మాబజారు మీదుగా మా మార్కాపురం అరుగుదాకా వచ్చి, చదువురాని అవ్వను గుమ్మందాకా రప్పించింది!

పలకలన్న ఆ పాటలకు నాట్యం చేసేవాడు. బోనీ ఎం బృందంలో బాబీ ఫారెల్ అనే సన్నని మనిషి గిరగిర తిరుగుతూ ఆడేవాడు. మేనమామ తెచ్చిన క్యాసెట్ అట్టమీది బొమ్మ తప్ప పలకలన్న అతణ్ణి చూడలేదు. బొమ్మను బట్టి మిగిలినదంతా ఊహించుకొన్నాడు. అప్పటికి డిస్కో అన్న మాట మా ఊరికి కొత్త కాదు. బెంగుళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడిన బిద్దు 1980లో 'కుర్బానీ'కి చేసిన పాట, 1982లో 'డిస్కో డాన్సర్', 1984లో మన 'డిస్కో కింగ్' తిరునాళ్ళ మైకుల్లో మారుమోగాయి. చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు వచ్చే రికార్డింగ్ డ్యాన్సులలో అవే పాటలు. పలకలన్న మాత్రం ప్రతి యేడూ క్రిస్మస్ రాత్రి చర్చి ముందరి పందిట్లో బోనియం పాటకు ఆడేవాడు. మెరిసే చొక్కా వాళ్ళ అక్క కుట్టినది. చేతిలో ఉత్త మైకు పట్టుకొని, పాటకు సరిగా నోరు కదిపేవాడు. పేటంతా ఈలలు వేసేది. ఆ ఒక్క రాత్రి అతడు ఫ్యాక్టరీ కూలీ కాడు.

నేను హైదరాబాదులో డిగ్రీ చదువుకు చేరాను. హాస్టలులో నా గది మిత్రుడు ఒకనాటి రాత్రి నీల్ యంగ్ పాట వినిపించాడు. మౌతార్గాన్‌తో మొదలైంది. ఒక సన్నని మగగొంతు, కొంచెం వణుకుతూ. పల్లవి రాగానే నేను నవ్వేశాను. 'వీడెవడో బోనీ ఎం పాటను పాడు చేశాడు' అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఏది ముందో, ఏది వెనకో వాళ్ళు చెప్పాక నా ముఖం చెల్లలేదు.

ఆ అవమానం నుండి నేను గొప్ప పండితుణ్ణయ్యాను. దొరికిన పుస్తకమల్లా చదివాను. నీల్ యంగ్‌కు అప్పట్లో వెన్నునొప్పి ఉండి, బరువైన ఎలక్ట్రిక్ గిటారుతో ఎక్కువసేపు నిలబడలేక, కూర్చొని మామూలు గిటారుతో ఈ పాటలు కట్టాడనీ, 1971లో నాష్‌విల్‌లో రికార్డు చేసినప్పుడు లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్ వెనుక గొంతు కలిపారనీ తెలుసుకొన్నాను. మూలం పవిత్రమైనది, అనుకరణ నీచమైనది అన్న సిద్ధాంతం నాలో గట్టిపడింది. సరిగ్గా ఆ సమయానికి, 1990 నవంబరులో, మిల్లీ వనిల్లీ గుట్టు బయటపడింది. గ్రామీ బహుమతి పొందిన ఆ ఇద్దరు యువకులు తమ రికార్డులో ఒక్క మాటా పాడలేదనీ, వేరేవారి గొంతుకు నోరు కదిపారనీ నిర్మాతే ఒప్పుకొన్నాడు. బహుమతి వెనక్కి తీసుకొన్నారు. ఆ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్. తీగ లాగితే డొంక కదిలింది: బోనీ ఎంలో బాబీ ఫారెల్ గొంతుగా మనం వింటున్నది కూడా ఫారియన్ గొంతే. ఫారెల్ ఆడాడు, పాడలేదు.

ఆ డిసెంబరులో నేను ఊరికి వెళ్ళాను. పలకలన్న ఎప్పటివలెనే, 'అబ్బయ్యా, రాత్రికి రావాల' అని పిలిచాడు. వెళ్ళాను. పాట అయ్యాక అతడు చెమటలు కక్కుకొంటూ, ఆ మెరిసే చొక్కాతోనే, నలుగురు మిత్రులతో నా దగ్గరికి వచ్చి, 'ఎట్టుండాది?' అని అడిగాడు. నేను నీల్ యంగ్ గురించి చెప్పాను. మూలమంటే ఏమిటో చెప్పాను. మిల్లీ వనిల్లీ గురించి చెప్పాను. చివర నవ్వుతూ, 'ఆ బాబీ ఫారెల్ పాడనే లేదన్నా. వాడిది ఉత్త నోరాడింపు. నువ్వేమో ఆ నోరాడించేవాడికి నోరాడిస్తున్నావు' అన్నాను.

మిత్రులు నవ్వారు. అతడూ నవ్వాడు. 'అట్నా' అన్నాడు. చేతిలో మైకు బల్లమీద పెట్టాడు.

మరుసటి క్రిస్మస్‌కు అతడు ఆడలేదని విన్నాను. పెళ్ళయింది, పిల్లలు, రాతిపొడికి దగ్గు. కారణాలు చాలా ఉండవచ్చు. నా మాట ఒక్కటే కారణమనుకోవడం కూడా ఒక రకమైన అహంకారమే. కాని ఒక్క సంగతి మాత్రం నాకు ఖాయంగా తెలుసు. ఆ రాత్రి తరువాత ఎప్పుడు ఎదురుపడినా అతడు నన్ను 'అబ్బయ్యా' అనలేదు. 'బాగుండారా సార్' అన్నాడు.

నా సిద్ధాంతం ఎక్కువకాలం నిలవలేదు. దానిని కూలదోసిన పాట మరొకటి. 'ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' మీరు వినే ఉంటారు. ఇంగ్లండుకు చెందిన ఆనిమల్స్ బృందం 1964లో పాడినది. ఫోక్-రాక్‌కు మొట్టమొదటి పెద్ద విజయమని చాలామంది దానినే చెబుతారు. దానికి శాంటా ఎస్మెరాల్డా అనే బృందం డిస్కో రూపం తెచ్చింది. వాళ్ళు అంతకుముందే, 1977లో, నీనా సిమోన్ 1964లోనూ ఆనిమల్స్ 1965లోనూ పాడిన 'డోంట్ లెట్ మి బి మిసండర్‌స్టుడ్' పాటను స్పెయిన్ పద్ధతి గిటార్లతో, చప్పట్లతో పదహారు నిమిషాలు సాగదీసి పేరు తెచ్చుకొన్నవారు. నా లెక్క ప్రకారం ఆనిమల్స్‌ది అసలు, శాంటా ఎస్మెరాల్డాది నకలు. చదువుతూ పోతే ఆనిమల్స్‌కు ముందు 1962లో బాబ్ డిలన్ తన మొదటి ఆల్బమ్‌లో పాడాడు. ఆ బాణీ ఆయన డేవ్ వాన్ రాంక్ నుండి తీసుకొన్నది. వారికి ముందు, 1937లో, జానపద సేకర్త అలాన్ లోమాక్స్ కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరో ఊరిలో పదహారేళ్ళ పిల్ల నోటినుండి దానిని రికార్డు చేశాడు. ఆ పిల్ల పేరు జార్జియా టర్నర్. బొగ్గు గని కార్మికుడి కూతురు. ఆమెకూ అది ఎవరి నోటినుండో వచ్చినదే. అది చెడిపోయిన ఒక ఆడపిల్ల గోడు. ఆనిమల్స్ దానిని మగవాడి గోడుగా మార్చారు. కోట్లు గడించిన ఆ పాటవల్ల జార్జియా టర్నర్‌కు దక్కినది అత్యల్పం.

ఇక మూలమెక్కడ? 'హార్ట్ ఆఫ్ గోల్డ్' విషయంలోనూ అంతే. ఆ పాట రేడియోలో వచ్చినప్పుడల్లా అది తన పాటలాగే ఉందని తనకు చిరాకు కలిగేదని డిలన్ ఒక ముఖాముఖిలో చెప్పాడు. నేను పవిత్రమనుకొన్న మూలం కూడా ఇంకొకరి చెవికి అనుకరణే!

అయితే తేడా లేదని కాదు. ఆనిమల్స్ పాట తిశ్రగతిలో, ఆరు లెక్కలో ఊగుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి చోటుంటుంది. డిస్కోకు నాలుగు దెబ్బలు కావాలి. నిమిషానికి ఇంచుమించు నూట ఇరవై, ప్రతి దెబ్బకూ పెద్ద డ్రమ్ము. చతురశ్రంలోకి దింపగానే ఆ ఊగిసలాట పోయి నడక వస్తుంది. నీల్ యంగ్ గొంతులోని వణుకు బోనీ ఎం పాటలో లేదు. ఆడగొంతులు కలిసి నునుపు చేసిన పాట అది. ఈ రోజు నన్ను ఒక్కటే ఎంచుకోమంటే నీల్ యంగ్‌నే ఎంచుకొంటాను. ఏకాంతంలో పుట్టిన దిగులును గుంపు మధ్యకు తీసుకువస్తే ఏదో ఒకటి చెదరక తప్పదు.

కాని ఈ పని మనకు తెలియనిదా? రామదాసు చెరసాలలో ఒంటరిగా రాముణ్ణి నిలదీసిన కీర్తనలను మా పల్లెల్లో చెక్కభజన బృందాలు ఏం చేశాయి? ఇరవైమంది వలయంగా నిలిచి, చేతిలో చెక్కలు మోగిస్తూ, గురువు పల్లవి అందుకోగానే అడుగులు కలిపి, చరణం చరణానికి వేగం పెంచుతూ తెల్లవార్లూ ఆడేవారు. బందీ ఒంటరి మొర అక్కడ ఇరవై జతల కాళ్ళ ఆట అయింది. దానిని నకలు అని ఎవరూ అనలేదు. అవ్వ వాళ్ళ చర్చిలోనూ కీర్తనలు డోలకు, తాళాలతో గుంపుగా పాడేవే గాని ఒక్కరు దిగులుగా పాడేవి కావు. నా చెవికి చెక్కభజన ఒప్పు, డిస్కో తప్పు ఎందుకయింది?

ఆ ప్రశ్నకు జవాబు నాకు 1979 జూలై 12న అమెరికాలో జరిగిన ఒక ఘటనలో దొరికింది. చికాగో నగరంలో బేస్‌బాల్ ఆట విరామంలో, రాక్ అభిమానులు తెచ్చిన డిస్కో రికార్డులను పెట్టెలో పోసి మైదానం నడుమ పేల్చివేశారు. వేలాదిమంది మైదానంలోకి దూకారు. రెండో ఆట ఆగిపోయింది. మంచి సంగీతాన్ని చెడు సంగీతం నుండి కాపాడుతున్నామని వారి భావన. కాని డిస్కోను మొదట పెంచినవారు నల్లవారు, లాటిన్ అమెరికా వలసవారు, స్వలింగ ప్రియులు. ఆ మంటల్లో కాలినది రికార్డుల మీది కోపం ఒక్కటేనా అని విమర్శకులు ఆ తరువాత అడిగారు.

ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ క్రిస్మస్ పందిట్లో నేను కాపాడినది నీల్ యంగ్‌ను కాదు. ఆయనకు నా కాపలా అక్కరలేదు. పేటలో ఒక కూలీ మెరిసే చొక్కా తొడుక్కొని ఆ ఒక్క రాత్రి అందరికంటె మిన్నగా నిలబడితే, పంతులుగారి కొడుకుకు ఎక్కడో కలుక్కుమన్నది. దానికి సంగీత శాస్త్రం సాకు దొరికింది. పాడమనేవాళ్ళెవరో, పాడేవాళ్ళెవరో చూసుకోవాలని అవ్వ అన్నది అందుకే.

బాబీ ఫారెల్ 2010 డిసెంబరు 30న రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో, ముందు రోజు సాయంత్రం ప్రదర్శన ముగించుకొని, హోటలు గదిలో మరణించాడు. పాడకపోయినా అరవయ్యొకటో ఏట కూడా ఆడుతూనే ఉన్నాడు. పలకలన్న మానేశాడు.

ఫారియన్ మరణవార్త చూసిన కొన్ని నెలలకు నేను మార్కాపురం వెళ్ళాను. చిన్నప్పుడు మీటర్‌గేజి బండి గుంటూరు నుండి గంటల కొద్దీ ఈడ్చుకొంటూ వచ్చేది. ఇప్పుడు పెద్ద లైను. స్టేషను మాత్రం ఎప్పటివలెనే ఊరికి దూరం. పలకల ఫ్యాక్టరీలు చాలా మూతబడ్డాయి. మిగిలినవాటిలో గోడలకు, నేలలకు వేసే అలంకారపు రాయి కోస్తున్నారు. అరుగు ఉంది. అవ్వ ఎప్పుడో పోయింది. పలకలన్న దగ్గుతూ లేచి, 'రాండి సార్' అని ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

నేను చెప్పదలచుకొన్నది చెప్పాను. దారి పొడుగునా కూర్చుకొన్న వాక్యాలన్నీ మరచిపోయి, '1990లో పందిట్లో నేను అట్లా అనకుండా ఉండవలసింది అన్నా' అని మాత్రం అన్నాను. అతడు గుర్తు లేనట్లు ముఖం పెట్టాడు. గుర్తు ఉన్నదని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి అతడే, 'ఆ పాట మొదట పాడినాయన ఎవరో చెప్పినారు గదా అప్పుడు. నేను విననే లేదు' అన్నాడు. ఫోనులో నీల్ యంగ్ పాట పెట్టి ఇచ్చాను. ముప్పై మూడేళ్ళ క్రితం ఉపన్యాసం ఇచ్చాను గాని పాట వినిపించలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మౌతార్గాన్ మొదలు కాగానే అతడు కళ్ళు మూసుకొన్నాడు. చివరిదాకా కదలలేదు.

పాట అయ్యాక అన్నాడు: 'పాపం, ఈయన ఒక్కడే ఉండాడే. అందుకనే ఏమో, ఆళ్ళందరూ వచ్చి కలిసి పాడినారు.'

నలభై ఏళ్ళుగా ఈ రెండు పాటలూ వింటున్నాను. ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ రెంటికీ ఉన్న చుట్టరికం గురించి ఇంతకంటె సరైన మాట నాకెక్కడా కనబడలేదు.

తరువాత బోనియం పాట పెట్టమన్నాడు. లోపలి నుండి మనవరాలు వచ్చి గుమ్మం పట్టుకొని నిలబడింది, అచ్చం అవ్వ నిలబడినట్లే. 'తాతా, నువ్వు డ్యాన్సు చేసేవాడివంట గదా' అంది. అతడు కూర్చున్నచోటు నుండి లేవలేదు గాని, కుడికాలి బొటనవేలు నేలమీద నాలుగు లెక్కకు తప్పకుండా పడుతూనే ఉంది.

చీకటి పడ్డాక వీధి మలుపుదాకా వచ్చి ఆటో ఎక్కించాడు. 'నిదానంగా పోండి సార్' అన్నాడు. ఇంకా 'సార్' అనే అన్నాడు. వచ్చే క్రిస్మస్‌కు మళ్ళీ వస్తానని చెప్పాను.